మూడు నెలలకే ఇచ్చిన ఇల్లు

గౌతమికి ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చిందని మదనపల్లె బ్రాంచిలో అందరూ మైసూర్‌పాక్ తిన్న రోజున, ఆమె మాత్రం తన ముక్కను కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది. పోస్టింగ్ ఆర్డరును అప్పుడే ఫోన్ చదివి వినిపించింది. చోడవరం. ఫోన్ తప్పుగా పలికిందేమోనని ఒక్కో అక్షరం విడివిడిగా చదివించుకుంది. తప్పేమీ లేదు.

గౌతమికి ముప్పై నాలుగేళ్ళు. పుట్టుకతోనే చూపు మందం. పన్నెండో ఏడు వచ్చేసరికి అదీ పూర్తిగా పోయింది. ఆ తర్వాత చదువైనా, బ్యాంకులో క్లర్కు ఉద్యోగమైనా అంతా సొంత ఊళ్ళోనే. మదనపల్లెలో ఏ సందులో ఏ కుక్క పడుకుంటుందో, ఏ గడప ఎంత ఎత్తో ఆమె కాళ్ళకు తెలుసు. ప్రమోషన్ వద్దని రాసిచ్చే వీలు ఉంది. రెండు రోజులు ఆలోచించింది. వద్దంటే, కళ్ళు లేవు కాబట్టి భయపడి వద్దనుకుందని అంటారు. ఆ మాట నిజమే కూడా. నిజం కాబట్టే రాసివ్వలేకపోయింది.

నవంబరు మొదటి వారంలో తల్లిని వెంటబెట్టుకుని బయలుదేరింది. తిరుపతి దాకా బస్సు, అక్కడి నుంచి అనకాపల్లికి రైలు, మళ్ళీ చోడవరానికి బస్సు. ఆ ఆఖరి బస్సులో ఆమెకు మొదటిసారి గుండె దడ పట్టుకుంది. చుట్టూ అందరూ మాట్లాడేది తెలుగే. కానీ మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో అందడం లేదు. చూపులేని మనిషికి ఊరు ముందు చెవుల్లోంచే లోపలికి రావాలి. ఇక్కడ చెవి కూడా తడబడుతోంది.

బ్రాంచి మేనేజర్ గణపతిరావు మంచివాడు. ఆమె రాకముందే ఐదు ఇళ్ళు చూసిపెట్టాడు. ఐదు ఇళ్ళవాళ్ళూ ముందు సరేనన్నారు. అద్దెకు దిగే మనిషికి కళ్ళు కనిపించవనీ, ఒంటరిగా ఉంటుందనీ తెలిశాక ఐదుగురూ వెనక్కి తగ్గారు. "గేస్ ఎలిగిస్తాది కదా సార్, ఏటైనా అయితే మా మీదకొస్తాది" అన్నారట. ఆ మాట గణపతిరావు చెప్పకుండా దాచి ఉంటే బాగుండేది. దాచలేదు. ఆ రోజు నుంచి గౌతమికి స్టవ్ అంటే కొత్తగా భయం పట్టుకుంది. పదిహేనేళ్ళుగా తన వంట తనే వండుకుంటున్న మనిషి.

ఆఖరికి ఒప్పుకున్నది అచ్చియ్యమ్మ. భర్త పోయాక ముందు వాటాలో ఒక్కతే ఉంటుంది. వెనక వాటాలో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. తాళం చేతికివ్వకముందే ఆమె సంగతి తేల్చేసింది.

"మా కూతురు ఝాన్సీకి ఏడో నెల వచ్చీగానే పురుటికి తెచ్చీసుకోవాలి. జనవరి ఆకర్న నువ్వు కాళీ సెయ్యాలి. ముందే అనీసుకుంటే మొకమాటాలుండవు. ఏటంటావు?"

"సరేనమ్మా" అంది గౌతమి. ఇంకో మాట అనే స్థితిలో ఆమె లేదు.

చూపున్నవాళ్ళు కొత్త ఇంటి గుమ్మంలో నిలబడితే సగం ఇల్లు కంట్లో పడుతుంది. గౌతమికి ఇల్లు అలా రాదు. చేత్తో, కాలితో, ముక్కుతో, కొంత మోకాలి చిప్పతో నేర్చుకోవాలి. ఏ కిటికీ రెక్క ఎంత బయటికి వస్తుందో నుదురుకు తగిలాకే తెలుస్తుంది. ఒక ఇల్లు ఒంటికి పట్టడానికి ఆమెకు రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత మిగిలేది ఒక్క నెల. అది గడవగానే మళ్ళీ మొదటి నుంచి ఇంకో ఇల్లు. ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. అమ్మకు అసలే చెప్పలేదు.

రెండో రోజు పొద్దున తల్లి కూరగాయలకు వెళ్ళింది. అచ్చియ్యమ్మ గుమ్మంలోకి వచ్చి, "నాను అలగ సంతకెల్లొస్తాను. ఎనకాల గుంట ఉంటాది. ఏటైనా అయితే కేకెయ్యి" అనేసి చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

గౌతమి ఉన్నచోటే నిలబడిపోయింది. పెరట్లో గుంట ఉంది. పడితే కేకెయ్యాలట. బాత్రూమ్ పెరట్లోనే ఉంది. నిన్న నాలుగుసార్లు ఆ పెరట్లో నడిచింది. ఎంత తప్పిపోయింది! పైన మూత ఉందా, లేదా? ఎంత లోతు? వెనక తలుపు తీసి, గడప మీదే నిలబడి, కర్రను సాచి ముందున్న నేలంతా తడిమింది. గట్టి నేలే. ఇంకో అడుగు వేసి మళ్ళీ తడిమింది. చెమటలు పట్టాయి. బాత్రూమ్‌కు వెళ్ళాల్సిన అవసరం ఉన్నా లోపలికి తిరిగి వచ్చి తలుపు వేసుకుంది.

రెండు గంటల తర్వాత తల్లీ అచ్చియ్యమ్మా ఒకేసారి తిరిగి వచ్చారు.

"గుంట ఎక్కడుందమ్మా? ఎంత లోతు?" అని అడిగింది గౌతమి.

అచ్చియ్యమ్మకు ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేక గోడ పట్టుకుంది. "ఒలమ్మా! గుంటంటే గొయ్యి కాదే తల్లీ, ఆడపిల్ల! మా మరిది కూతురు ప్రవల్లిక. డిగ్రీ సదువుతాది. మా ఎనకాల అరుగు మీద కూకుని సదూకుంటాది."

పెరటి అరుగు మీది నుంచి ఒక లేత గొంతు వచ్చింది. "మీరు కర్రతో ఎతుకుతంటే ఏదో వస్తువు పారేసుకున్నారనుకున్నానండి. సాయం సేద్దునా అని అడుగుదారనుకునీసరికి తలుపేసీసుకున్నారు."

తల్లి కూడా నవ్వింది. గౌతమి కూడా నవ్వింది. ఒక్క మాట తెలియక రెండు గంటలు గదిలో బిగుసుకుపోయి కూర్చుంది. ఇంకా ఎన్ని మాటలు ఉన్నాయో ఈ ఊళ్ళో!

తల్లి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. సెలవు పన్నెండు రోజులే. ఆ పన్నెండు రోజులూ ఆమె చేసిన పని ఒకటే. పొద్దునా సాయంత్రం కూతురి వెనకాల పది అడుగుల దూరంలో, మాట్లాడకుండా నడవడం. ఇంటి నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి ఇంటికి. సందు చివరిదాకా కుడిచేతి వైపు గోడ. గోడ అయిపోయాక ఎడమకు తిరిగితే మెయిన్ రోడ్డు. వెల్డింగ్ షాపు చరచర. ఆ తర్వాత టిఫిన్ హోటల్లో పెనం మీద అట్టు వాసన. ఆపైన మందుల షాపు ఫ్రిజ్ గుర్రుమనే చప్పుడు. దాన్ని దాటితే బ్యాంకు మూడు మెట్లు. రోడ్డు దాటాల్సిన పని లేకపోవడమే పెద్ద అదృష్టం.

వెళ్ళేరోజు బస్టాండులో తల్లి అడిగింది. "నిజం చెప్పు పాపా. ఉండగలవా? లేదంటే ఇప్పుడే పోదాం. ఉద్యోగం ఏమైనా కానీలే."

"ఉంటాను. నువ్వు పోమ్మా, బస్సు పోతుంది" అంది గౌతమి. అమ్మ ఇంకోసారి అడిగి ఉంటే ఏమని ఉండేదో ఆమెకే తెలియదు. తల్లి మళ్ళీ అడగలేదు. బస్సు కదిలిపోయింది.

ఆ తర్వాత వారం రోజులు గౌతమి సరిగా ఊపిరి పీల్చుకోలేదంటే అతిశయోక్తి కాదు. వంట అయ్యాక స్టవ్ మీట తిప్పి చూసేది. సిలిండర్ దగ్గర వంగి వాసన చూసేది. గడియ పెట్టి సందు సగందాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి, తాళం తీసి, స్టవ్ దగ్గరికి వెళ్ళి చూసేది. ఒకరోజు అలా మూడుసార్లు తిరిగింది. అచ్చియ్యమ్మ ముందు గదిలోంచి అంతా గమనిస్తూనే ఉంది. మర్నాటి నుంచి గౌతమి తాళం వేయగానే లోపలి నుంచి కేక వినిపించేది. "పొయ్యి కట్టీసే ఉన్నాది, నాను సూసేను! ఎల్లు, ఎల్లు!" అచ్చియ్యమ్మ నిజంగా వెళ్ళి చూసిందో లేదో గౌతమి ఎప్పుడూ అడగలేదు.

డిసెంబరు మొదట్లో తుఫాను పట్టింది. రెండో రోజు మధ్యాహ్నానికి ఊరంతా కరెంటు పోయింది. బ్యాంకు మూడింటికే మూసేశారు. గణపతిరావు విశాఖపట్నంలో మీటింగులో ఉన్నాడు. క్యాషియర్ వచ్చి, "మేడమ్, నా స్కూటర్ మీద దించేస్తాను రండి" అన్నాడు.

"అక్కర్లేదండీ. రోజూ పోయే దారే గదా" అంది గౌతమి. తుఫానులో కూడా ఎవరి సాయం లేకుండా వెళ్ళిందని రేపు నలుగురూ అనుకోవాలని ఆమెకు లోపల ఎక్కడో ఉంది. ఆ సంగతి ఆమె తర్వాత తనే ఒప్పుకుంది.

మూడు మెట్లు దిగి పది గజాలు వెళ్ళేసరికే తప్పు చేశానని తెలిసిపోయింది. కరెంటు లేదు కాబట్టి మందుల షాపు ఫ్రిజ్ పలకడం లేదు. హోటల్ మూసేశారు, అట్టు వాసన లేదు. వెల్డింగ్ షాపూ లేదు. వాన రేకుల మీద పడి ఊరంతా ఒకటే హోరు. కాలువ పొంగి రోడ్డు మీదికి రావడంతో రోడ్డు అంచు ఎక్కడో కర్రకు దొరకడం లేదు. ఆమె నెలరోజులుగా పోగుచేసుకున్న ఊరు ఒక్క గంటలో మాయమైపోయింది.

తన సందు మలుపు రావాల్సినంత సేపు నడిచింది. రాలేదు. ఇంకొంచెం నడిచింది. కర్ర దేనికో తగిలి ఆగింది. చెయ్యి చాపితే తడి ఆకులు, గట్టి గడలు. చెరకు. ట్రాక్టరు తొట్టినిండా చెరకు. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే బళ్ళు వానకు రోడ్డు పక్కన ఆగిపోయినట్టున్నాయి. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది. డ్రైవర్లు ఎక్కడో తలదాచుకున్నారు. తొట్టి పట్టుకుని ఇంకొంచెం ముందుకు నడిచింది. ఇంకో తొట్టి, ఇంకొకటి. అంతలో కర్ర మొన తొట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుంది. లాగబోతే పట్టు జారింది. వంగి నీళ్ళలో వెతికింది. మోచేతిదాకా బురద. కర్ర లేదు.

ఫోన్ తీసింది. తడి వేళ్ళకు స్క్రీన్ పలకలేదు. ఎక్కడ నొక్కినా ఫోన్ పొంతన లేని మాటలు చదువుతోంది. కొంగుతో తుడిస్తే కొంగే తడి. ఆ క్షణంలో ఆమెకు చావు భయం కాదు, వేరే భయం కలిగింది. రేపు ఎవరో ఒకరు మదనపల్లెకు ఫోన్ చేసి అమ్మతో, "చూశారా, మేము ముందే అన్నాం" అంటారు. ఆ గొంతు కూడా వినిపించినట్టయింది.

ఏడవకుండా పళ్ళు బిగించి నిలబడింది. నిలబడ్డాక ముక్కుకు ఏదో తగిలింది. పులిసిన బెల్లం లాంటి ఘాటు. చక్కెర ఫ్యాక్టరీ వాసన. ఇంటి దగ్గర గాలివాటున అప్పుడప్పుడు లీలగా వచ్చే వాసన ఇక్కడ గట్టిగా ఉంది. అంటే ఇంటికి దూరంగా, ఫ్యాక్టరీ వైపు నడుస్తూ వచ్చింది. మరి ఇప్పుడు ఏ వైపుకు తిరిగి ఉంది? కర్ర వెతుకుతూ చుట్టూ తిరిగింది, దిక్కు పోయింది. ట్రాక్టర్లన్నీ ఫ్యాక్టరీ వైపే మొహం పెట్టి ఉంటాయి కదా. తొట్టిని తడుముతూ వెళ్ళి, దాన్ని ఇంజనుకు తగిలించే ఇనపకడ్డీని పట్టుకుంది. ఇంజను ఇటు ఉంది. అయితే ఇల్లు అటు. వెనక్కి తిరిగి, తడి చెరకును తడుముకుంటూ తొట్టి తర్వాత తొట్టిగా నడిచింది. చెరకు ఆకు అంచులు అరచేతిని కోస్తున్నాయి. ఆఖరి తొట్టి అయిపోయింది. ఆ తర్వాత చేతికి ఏమీ లేదు.

అక్కడ ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు. వాన హోరులో ఠంగుమని ఒక చప్పుడు. మళ్ళీ ఠంగుమని. ఎవరో స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతున్నారు. ఆగకుండా కొడుతున్నారు. గౌతమి రెండు చేతులూ ముందుకు చాపి, పాదాలు ఈడ్చుకుంటూ ఆ చప్పుడు వైపు నడిచింది.

"ఇటు, ఇటు! ఎడంపక్కకి రాకు, కాలవున్నాది! తిన్నగా రా తల్లీ!"

అచ్చియ్యమ్మ సందు మొదట్లో నిలువునా తడిసి నిలబడి ఉంది. గౌతమి చెయ్యి అందగానే వీపు మీద ఒక్కటి చరిచింది. "బేంకు కేషియరుకి పోన్ సేస్తే మూడింటికే బయల్దేరేవన్నారు! నాలుగున్నరయిపోనాది! ఎంత అరిసినా వానకి ఇనపడదని పల్లెం అట్టుకొచ్చేను. స్కూటరెక్కమంటే ఎక్కలేదట. ఏటంత మిడిసిపాటు నీకు?"

గౌతమి ఆమె చెయ్యి వదలకుండా నడిచింది. ఇంటికి వచ్చి బట్టలు మార్చుకుని, అల్లం టీ గ్లాసు చేతిలోకి వచ్చాక వెక్కి వెక్కి ఏడ్చింది. చోడవరం వచ్చాక అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత వాన వెలిసింది. అమ్మ పెట్టెలో పెట్టిన రెండో కర్ర ఉంది. గౌతమి స్నానం చేసి, చీర కట్టుకుని, బ్యాగు తగిలించుకుని గుమ్మంలో కూర్చుంది. తొమ్మిదిన్నర దాటినా లేవలేదు.

"ఎల్లవేటి?" అంది అచ్చియ్యమ్మ.

"భయంగా ఉందమ్మా."

ఆ మాట ఆమె పైకి అనడం కూడా అదే మొదటిసారి. అచ్చియ్యమ్మ పక్కన కూలబడింది.

"నాకు నీ బేంకంటే బయం. నవ్వకు. ఆ అద్దాల తలుపుని తొయ్యాలో, లాగాలో తెలీదు. ఓపాలి తోసేను. రాలేదు. లోపలున్నోలందరూ నన్నే సూసేరు. సిగ్గేసీసి ఎనక్కొచ్చీసేను. పింఛను పాస్‌బుక్కు ఏడాదై బీరువాలోనే ఉన్నాది. పద, ఇద్దరం ఎల్దాం."

"లాగాలమ్మా. మన వైపుకు లాగాలి."

"ఆ! మరి అలగ ఎవలైనా సెప్పేరా?"

ఆ రోజు ఇద్దరూ కలిసి వెళ్ళారు. దారిలో అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకోలేదు. పక్కన నడుస్తూ మాట్లాడుతూనే ఉంది. బ్యాంకు మెట్లెక్కి తలుపు తనే లాగింది.

భయం ఆ రోజుతో తీరిందని చెబితే అబద్ధమవుతుంది. మబ్బు పట్టిందంటే చాలు, గౌతమి మధ్యాహ్నం నుంచే కిటికీ దగ్గరికి వెళ్ళి రేకుల చప్పుడు వినేది. స్కూటర్ ఎక్కమంటే మాత్రం ఎక్కేది.

జనవరి వచ్చింది. ఇల్లు ఇప్పుడు ఆమె చేతికింద ఒదిగింది. తడుముకోకుండా చీకటింట్లో సూది కూడా వెతికి తీయగలదు. వదలాల్సిన సమయమూ అదే. అచ్చియ్యమ్మ ఉండిపొమ్మనలేదు, గౌతమి అడగలేదు. ఝాన్సీ వస్తోంది, గదులు కావాలి. అందులో ఎవరి తప్పూ లేదు. అయినా రాత్రి పడుకునేటప్పుడు గోడ మీద చెయ్యి వేసి ఆ సున్నపు గరుకును కాసేపు తడుముతూ ఉండేది.

మళ్ళీ ఇళ్ళ వేట. నాలుగు చోట్ల అదే మాట. ఐదో చోట ఉదయ్‌కుమార్. ఎరువుల కొట్టు ఆయనది. రెండు సందుల అవతల ఇల్లు, ఆవరణలోనే పక్కగా చిన్న వాటా. గౌతమి కర్ర చూడగానే, "వద్దమ్మా. నన్నేటీ అనుకోవద్దు. ఇవ్వలేను" అని లోపలికి వెళ్ళిపోయాడు. కారణం చెప్పలేదు. గొంతులో కోపం లేదు, తొందర ఉంది. ఆ తొందర గౌతమికి మిగతావాళ్ళ మాటలకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

అచ్చియ్యమ్మ మర్నాడు తనే ఒంటరిగా వెళ్ళింది. ఏం మాట్లాడిందో తెలియదు. సాయంత్రం ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. "ఈ గుంట టీ పెడతాది, తాగీసి అప్పుడు సెప్పు బాబూ."

తనను పరీక్షించడానికి ఒక మనిషి వెనకాల నిలబడి ఉన్నాడని తెలిశాక గౌతమి చేతులు ఆమె మాట వినలేదు. రోజూ చేసే పనే. అయినా పాలు గిన్నె అంచున పడి స్టవ్ మీద ఒలికాయి. చుర్రుమంది. వెనకనుంచి ఆయన గబుక్కున ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఇక అయిపోయిందనుకుంది.

టీ తాగి ఉదయ్‌కుమార్ గ్లాసు కింద పెట్టాడు. "ఇస్తాను. కానీ గేస్ వద్దు. కరెంటు పొయ్యి మీదే వండుకోవాలి" అన్నాడు చివరికి.

అవమానంగానే అనిపించింది. కానీ ఝాన్సీ రావడానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. సరేనంది.

జనవరి ఆఖరి ఆదివారం సామాను ట్రాలీ ఆటోలో వెళ్ళింది. మొదటి గంటలోనే కొత్త ఇంటి కిటికీ రెక్క నుదుటికి తగిలి బొప్పి కట్టింది. బాత్రూమ్ గడప రెండు అంగుళాలు ఎక్కువ ఎత్తు. కరెంటు పొయ్యి మీటలు చేతికి తెలియని నున్నటి గాజు. ఎక్కడ నొక్కుతున్నదీ తెలియక మొదటి రోజు అటుకులు తిని ఊరుకుంది. మర్నాడు అచ్చియ్యమ్మ వచ్చి, చేతికి తెలిసేలా మీటలున్న చోటల్లా గాజు మీద బొట్టుబిళ్ళలు అతికించి వెళ్ళింది.

వీటన్నిటికన్నా ఆమెను కలవరపెట్టింది ఒక గొంతు. ఆవరణలో నడిచినప్పుడల్లా పెద్దింటి కిటికీలోంచి ఒక ముసలి గొంతు అడిగేది. "ఎవులది?" జవాబు చెప్పేలోపే లోపలి నుంచి ఎవరో వచ్చి కిటికీ మూసేసేవారు. ఉదయ్‌కుమార్ ఇంట్లో ఇంకో మనిషి ఉన్న సంగతి ఆయన చెప్పలేదు. ఎందుకు దాచాడు? ఇక్కడేదో తనకు తెలియనిది జరుగుతోంది. నాలుగు రోజులు ఆమె తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకుంది. ఈ ఇల్లు కూడా వదిలేస్తే ఎక్కడికి పోవాలో ఆలోచిస్తూ పడుకుంది.

తర్వాతి ఆదివారం పొద్దున తలుపు తట్టిన చప్పుడైంది. ఉదయ్‌కుమార్.

ఖాళీ చెయ్యమని చెప్పడానికే వచ్చాడనుకుంది గౌతమి. ఆయన గుమ్మం బయటే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మ, పైడితల్లి. సుగర్ వల్ల రెండేళ్ళై సూపు పోనాది. నిరుడు ఎవలూ లేనప్పుడు పాలు కాసుకుందారని లేసింది. సీర అంటుకున్నాది. సెయ్యంతా కాలిపోనాది. అప్పట్నుంచి మంచం దిగనివ్వలేదు నాను. మీ కర్ర సప్పుడు ఇన్న కాడ్నుంచి ఎవులది, ఎవులది అని ఒకటే గోల. సెప్పొద్దనుకున్నాను. ఆకరికి సెప్పేను." గొంతు తగ్గించాడు. "అన్నం మానీసింది మేడమ్. ఆ పిల్ల వచ్చేదాకా తిననంటంది."

గౌతమికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. కర్ర చూడగానే లోపలికి వెళ్ళిపోవడం, పాలు ఒలికినప్పుడు ఆ ఊపిరి, గ్యాస్ వద్దనడం. ఆయన మీద ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. దాని చోట ఇంకో భయం వచ్చి కూర్చుంది. తను వెళ్ళి ఏదో చెబుతుంది, ఆ ముసలావిడ లేస్తుంది, పడుతుంది. తుంటి ఎముక విరిగితే? అప్పుడు ఈ ఊళ్ళో తనకు ఇల్లు ఇచ్చేదెవరు?

అయినా వెళ్ళింది.

మంచం దగ్గర మందుల వాసన, కొబ్బరినూనె వాసన. పైడితల్లి చెయ్యి చాపి గౌతమి మోచెయ్యి పట్టుకుంది. ఆ అరచేతి మీద కాలిన చర్మం గట్టిగా, ముడతలుగా తగిలింది.

"నువ్వేనా ఆ టకటక? సెయ్యి ఎవలూ అట్టుకోకుండానే ఎల్తన్నావా?"

"అవునవ్వా."

"పడవా?"

"పడతాను. మొన్ననే మళ్ళీ నుదురు కొట్టుకున్నాను."

పైడితల్లి గౌతమి నుదురు తడిమి బొప్పి చూసింది. ఆ బొప్పిని చూశాకే ఆమెకు నమ్మకం కుదిరినట్టుంది. "తలుపు కాడికి ఎన్నడుగులు?" అని అడిగింది.

"నా అడుగులు వేరు, మీవి వేరు. మీరే నడిచి చెప్పాల."

"అమ్మా, వద్దే" అన్నాడు ఉదయ్‌కుమార్.

"మీరు కొంచెం అవతలికి పోయి నిలబడండి" అంది గౌతమి. పైడితల్లి ఎడమచేతిని గోడ మీద పెట్టించింది. వేళ్ళ వెనకవైపు గోడకు ఆనించి జరపమని చెప్పింది. తను ఒక అడుగు వెనకగా, చెయ్యి ఆమె నడుం దగ్గర గాలిలో ఉంచి నడిచింది. తాకలేదు. గోడ మీద వేళ్ళు గీరుకునే చప్పుడు, పాదాల రాపిడి, అవతల ఉదయ్‌కుమార్ బిగబట్టిన ఊపిరి. ఒకచోట పైడితల్లి ఊగింది. గౌతమి చెయ్యి ఆమె నడుం దాకా వెళ్ళి ఆగింది. ముసలావిడ తనే నిలదొక్కుకుంది.

తొమ్మిదో అడుగుకు చేతికి తలుపు చట్రం తగిలింది. పైడితల్లి దాన్ని పైనుంచి కిందికి నిమిరింది.

"దీనికి రంగేయించేవేట్రా? నున్నగున్నాది."

"ఏడాదైందమ్మా" అన్నాడు ఉదయ్‌కుమార్.

"నాకెవలూ సెప్పనేదు."

"గడప దాటి మెట్టు ఉంది అవ్వా. దిగుదామా?"

పైడితల్లి పాదాన్ని గడప మీదికి తెచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "ఇయాల్టికి ఇక్కడదాకా సాలు. కుర్చీ తెప్పించు. ఇక్కడే కూకుంటాను. అన్నం కూడా ఇక్కడికే అట్రమ్మను."

కుర్చీ వచ్చింది. గౌతమి తన వాటాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని మంచం మీద కూర్చుంది. బయట ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా పైడితల్లి "ఎవులది?" అని అడుగుతోంది. వాళ్ళు ఆగి పేరు చెబుతున్నారు. కిటికీ మూసే చప్పుడు మాత్రం రాలేదు.

ఆ పూట ఉదయ్‌కుమార్ కొట్టు తెరవలేదు. తల్లి ఎప్పుడు లేస్తానంటుందోనని మెట్టు మీదే కూర్చుని, ఆమె పాదాల వైపే చూస్తూ ఉన్నాడు.